తాగుడు లేని తూలుడు

2023 ఎండాకాలం. పుదుచ్చేరిలో, ముత్తియాల్‌పేటలో మా క్లినిక్. క్లినిక్ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. మా ఇంటి కింద రెండు గదులు. ఒకదాంట్లో రెండు మంచాలు, కరెంటు వైద్యం చేసే మెషిన్లు. ఇంకోదాంట్లో పట్టుకుని నడిచే కమ్మీలు, గోడకి నిలువెత్తు అద్దం. పక్కనే ఒక లేత్ వర్క్‌షాప్. వాళ్ళు ఇనుము కోయడం మొదలుపెడితే మేం గొంతు పెంచి మాట్లాడాల. నా పేషెంట్ల గుట్టంతా వీధికి తెలిసిపోతాదని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

నేను ఫిజియోథెరపిస్టుని. ఇరవై ఏళ్ళు దాటింది ఈ పని మొదలుపెట్టి. మాది ఈ ఊరికి దగ్గర్లోని ఏంబలం పక్క. మా పెద్దలు ఏ కాలంలో తెలుగు నేల నుంచి వచ్చి ఇక్కడ పొలాలు పట్టినారో చెప్పగలిగినోళ్ళు ఇప్పుడెవరూ లేరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు అక్షరాలు మా తాత పట్టుబట్టి నేర్పబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తా ఉన్నాను.

మీ పనిలో మరిచిపోలేని కేసు ఏది అని అందరూ అడుగుతారు. యాక్సిడెంట్‌లో నడుం పోయి మళ్ళీ లేచి నడిచినోళ్ళ కథ చెబుతానని కాచుకుని ఉంటారు. అట్లాంటోళ్ళూ ఉన్నారు, వాళ్ళకి నా దండం. కానీ నాకు తలుచుకున్నప్పుడల్లా నవ్వూ, ఆ నవ్వు వెనకే కంట్లో తడీ వచ్చే కేసు ఒక పెయింటు అంగడాయనది. పేర్లు మార్చి రాస్తానని చెప్పి ఆయన దగ్గర అనుమతి తీసుకున్నాను. "పేరు ఏదన్నా పెట్టుకోండి డాక్టరమ్మా, నేను తాగనని మాత్రం పెద్ద అక్షరాల్లో రాయండి" అన్నాడు. పెద్ద అక్షరాల్లో రాసినా ఆయన చదవలేడు. మాట్లాడడమే గానీ తెలుగు చదవడం రాదు.

ఆయన్ని వి. గోవిందరాజులు అందాం. యాభైకి కాస్త తక్కువ వయసు, భారీ మనిషి. కుడి చీలమండకి క్రేప్ బ్యాండేజి చుట్టుకుని వచ్చినాడు. వెనకే భార్య దేవకి, చేతిలో ఎక్స్‌రే కవరు. ముదలియార్‌పేటలో వాళ్ళకి పెయింట్లు, వార్నిష్‌లు అమ్మే అంగడి ఉండాది. ఎముక విరగలేదు, కాలు మడతబడింది, ఫిజియోకి పొమ్మని డాక్టరు చెప్పి పంపినాడు.

"ఎట్ల పడినారు?" అని అరవంలో అడిగినాను.

ఆయన నోరు తెరిచే లోపే దేవకి మొహం పక్కకి తిప్పుకుని తెలుగులో గొణిగింది. "ఎట్ల పడతారు? తాగి పడతారు."

"అమ్మా, నాకు తెలుగు వస్తాది" అన్నాను.

ఆమె నాలిక కరుచుకుంది. ఒక్క క్షణమే. తర్వాత మొహం విప్పారిపోయింది. "అయ్యో, మనవాళ్ళా అక్కా మీరు! అయితే ఇంకా మంచిదే. నా కడుపులో ఉండేదంతా చెప్పుకుంటా" అని కుర్చీ లాక్కుని కూర్చునింది. పేషెంటు నిలబడే ఉన్నాడు పాపం.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాల. పుదుచ్చేరిలో మందు చౌక. పక్క ఊళ్ళ నుంచి పనిగట్టుకుని వచ్చి తాగి పోయేవాళ్ళు ఉన్నారు. మా వాళ్ళు దానికి ముద్దుగా 'తణ్ణి' అని పేరు పెట్టుకున్నారు, అంటే అరవంలో నీళ్ళు. కాబట్టి సాయంత్రం పూట మా వీధుల్లో మగమనిషి తూలినాడంటే కళ్ళు తిరిగినాయా, కాలు నొప్పా అని ఎవరూ అడగరు. తణ్ణి వేసినాడు అంటారు, అంతే.

దేవకి చెప్పింది ఇదీ. రెండేళ్ళుగా మొగుడు అంగడి మూసి ఇంటికొచ్చేటప్పుడు తూలతా వస్తాడు. గుమ్మం దాటేటప్పుడు తలుపు పట్టుకుంటాడు. మెట్టు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాడు. దగ్గరికి పోతే ఘాటుగా వాసన. సీసా కోసం ఆమె వెతకని చోటు లేదు. అంగడి వెనక, స్కూటర్ డిక్కీలో, బాత్‌రూమ్ అటక మీద.

"ఒక్క సీసా దొరకలేదక్కా. యాడ దాస్తాడో! లెక్క తప్పకుండా చిల్లర ఇవ్వడం చేతగాదు ఈయనకి, సీసా దాచే తెలివి మాత్రం యాడ నుంచి వచ్చిందో!"

"లేని సీసా యాడ దొరుకుతాది?" అన్నాడు గోవిందరాజులు, గోడకేసి చూస్తా. ఆ మాట చాలాసార్లు చెప్పి చెప్పి అరిగిపోయినట్టు ఉండింది.

నేను ఆయన పక్కన నిలబడి ఊపిరి పీల్చి చూసినాను. వాసన ఉంది, నిజమే. కానీ అది తాగిన నోటి వాసన కాదు, చొక్కా వాసన. థిన్నరు, చెక్క పాలిష్‌లో కలిపే స్పిరిట్టు. పొద్దస్తమానం వడ్రంగులకి అవే కొలిచి పోస్తా ఉంటాడు. మా ఇంట్లో తలుపులకి పాలిష్ పెట్టించిన వారమంతా నేను పీల్చిన వాసనే అది.

ఆయన మణికట్టుకి పసుపు దారం ఉండింది. ఏ గుడిదని అడిగినాను. భార్యాభర్తలు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మా పక్క ఒక ఆచారం ఉంది. తాగుడు మానాలనుకున్నోడు అమ్మవారి గుడికి పోయి, పూజారి చేత చేతికి దారం కట్టించుకుని, ఇంక ముట్టనని అందరి ముందరా ప్రమాణం చేస్తాడు. ఎన్నో సంసారాలు ఆ దారంతోనే నిలబడినాయి, దాన్ని తక్కువ చెయ్యను. దేవకి మొగుణ్ణి ఆ గుడికి తీసుకుపోయింది.

"తాగనోళ్ళు ప్రమాణం ఎందుకు చేసినారయ్యా?" అన్నాను.

"ఇంట్లో నోట్లోకి కూడు దిగాల గదా డాక్టరమ్మా! ఇంక తాగనని చెప్పమన్నారు. నేను ఎట్లాగూ తాగను. చెబితే పోయేదేముంది అనుకున్నా."

పోయేదేముందా! కొరివితో తల గోక్కున్నట్టే. తాగేవాడే గదా మానతానని ప్రమాణం చేసేది? చేతికి దారం కనబడిన రోజే వీధంతా ఖాయం చేసుకుంది, ఓహో, ఇన్నాళ్ళూ తాగేవాడన్నమాట అని. పోనీ, అక్కడితో ఆగిందా? వారం తిరక్కుండా మళ్ళీ తూలినాడు. అంతవరకూ ఉత్త తాగుబోతు, ఇప్పుడు అమ్మవారి ముందర చేసిన ప్రమాణం తప్పిన తాగుబోతు. జన్మలో చుక్క ముట్టని మనిషికి రెండు బిరుదులు.

నాకు నవ్వాగలేదు. ఆయనకీ నవ్వొచ్చింది. కానీ నవ్వుతా నవ్వుతానే కళ్ళు తుడుచుకున్నాడు. "మా మామ నాతో మాట మానేసినాడు డాక్టరమ్మా" అన్నాడు.

మామ అంటే మునుసామి నాయుడు. గోవిందరాజులు అమ్మకి స్వయానా తమ్ముడు, దేవకికి నాన్న. గోవిందరాజులుకి చిన్నప్పుడే తండ్రి పోతే ఇంటికి తెచ్చుకుని పెంచి, చదివించి, పిల్లనిచ్చి, అంగడి పెట్టించింది ఆయనే. బట్టల మిల్లులో పనిచేసి రిటైరైనాడు, ఎనభైకి దగ్గర్లో ఉన్నాడు. ఆయన సొంత అన్న తాగి తాగి పోయినాడు. అందుకని తాగేవాళ్ళంటే ఆయనకి మంట కాదు, భయం. ఇంట్లో తలుపు వేసుకున్నంత గట్టిగా మనసు మూసేసుకుంటాడు.

మామా అల్లుళ్ళని కలిపి ఉంచింది ఒక ఆట. ఫ్రెంచి వాళ్ళు పోయినారు గానీ వాళ్ళ ఆట మా ఊళ్ళో ఉండిపోయింది. పెటాంక్ అంటారు. మట్టినేల మీద ఒక చిన్న చెక్క గుండు విసురుతారు. తర్వాత పిడికిలికి నిండుగా వచ్చే ఇనప గుండ్లని దాని పక్కన చేరేటట్టు వెయ్యాల, అవతలోళ్ళ గుండు దగ్గర్లో ఉంటే కొట్టి ఎగరగొట్టాల. చూడడానికి సులువే. కానీ ఒక నిబంధన ఉంది. నేల మీద గీసిన చిన్న వలయంలో నిలబడి వెయ్యాల, గుండు నేల తాకేదాకా రెండు పాదాలూ కదలకూడదు, లేవకూడదు. కదిలితే ఆ గుండు చెల్లదు.

మామ దగ్గరగా పెట్టడంలో గట్టివాడు, అల్లుడు కొట్టి ఎగరగొట్టడంలో. పెళ్ళి కాకముందు నుంచీ ఒకే జట్టు. ప్రమాణం అయిన తర్వాత ఒక ఆదివారం, అందరూ చూస్తా ఉండగా, గుండు చేతిలోంచి వదిలేటప్పుడు గోవిందరాజులు తూలి వలయం బయట కాలు పెట్టినాడు. మళ్ళీ వంతు వచ్చినప్పుడూ అంతే. ఎవరో వెనక నుంచి "దారం గట్టిగా కట్టలేదప్పా!" అన్నారు. జనం నవ్వినారు. మునుసామి నాయుడు తన గుండ్లు గుడ్డలో తుడిచి సంచిలో వేసుకుని ఇంటికి పోయినాడు. ఆ తర్వాత వేరే ఆయనతో జట్టు కట్టినాడు. అల్లుడు ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు.

"నన్ను కొట్టినా బాగుండు. నాన్న పోయినప్పుడు కూడా నేను ఒంటరోణ్ణి అనిపించలా, ఇప్పుడు అనిపిస్తా ఉండాది" అన్నాడు గోవిందరాజులు. దేవకి తల దించుకుంది.

ఇంక మాటలు ఆపించి చెప్పులు విప్పమన్నాను.

మామూలుగా కాలు మడతబడినోళ్ళని ఆ ఒక్క చీలమండే చూసి పంపేస్తాం. ఈయన్ని అద్దం ముందు నిలబెట్టి వెనక నుంచి చూసినాను. రెండు చీలమండలూ లోపలికి ఒరిగిపోయి ఉన్నాయి, కుడిది మరీనూ. ట్రేలో నీళ్ళు పోసి పాదాలు తడిపి, పొడిగా ఉన్న సిమెంటు నేల మీద నాలుగడుగులు వెయ్యమన్నాను. మీరూ ఇంట్లో చేసి చూడొచ్చు. మామూలు పాదానికి వేళ్ళ ముద్ర, మడమ ముద్ర పడి, మధ్యలో లోపలి పక్కన నేల పొడిగా మిగులుతాది. ఈయనకి నేల యాడా మిగల్లేదు. ఇస్త్రీపెట్టె పెట్టి తీసినట్టు నిండు ముద్ర పడింది.

దీన్నే ఫ్లాట్ ఫుట్ అంటాం. పాదం కింద లోపలి అంచున ఉండే వంపుని ఆర్చ్ అంటాం. ఒంటి బరువుని పంచేదీ, అడుగు వేసేటప్పుడు పాదాన్ని బిగబట్టేదీ అదే. ఒక మాట గట్టిగా చెప్పాల. చదును పాదం ఉన్నోళ్ళందరికీ జబ్బు ఉన్నట్టు కాదు. చానామంది ఆ పాదాలతోనే పరుగులు తీస్తారు, బరువులు మోస్తారు, వాళ్ళని వైద్యం పేరుతో ఇబ్బంది పెట్టకూడదు. గోవిందరాజులూ చిన్నప్పటి నుంచీ అట్లాగే హాయిగా తిరిగినాడు. కానీ కొందరికి నలభై దాటినాక, ఒళ్ళు పెరిగినాక, ఆ ఉన్న కాస్త వంపునీ పైకి పట్టుకునే తాడు లాంటి టెండన్ అలిసిపోయి సాగుతాది. పాదం లోపలికి ఒరుగుతాది. కింద పునాది ఒరిగితే పైన గోడ నిలబడతాదా? ఆ ఒరుగుని సర్దుకోవడానికి ఒళ్ళు అటూ ఇటూ ఊగులాడతా ఉంటాది.

ఒంటికాలి మీద నిలబడమన్నాను. ఎడమ కాలి మీద పరవాలేదు. కుడి కాలి మీద నిలబడీ నిలబడకుండానే కమ్మీ పట్టుకున్నాడు. ఆ కాలి మడమ పైకెత్తి మునివేళ్ళ మీద లేవమంటే అసలు లేవలేకపోయినాడు. ఇది కొత్తగా మడతబడిన కాలు గదా, అందుకేనేమో అని నాకూ అనుమానం వచ్చింది. అయితే పడక ముందు కూడా ఇట్లనే ఉండేదని ఆయన చెప్పినాడు. తూలుడికి వేరే కారణాలూ ఉంటాయి. చక్కెర జబ్బుకి పాదాల స్పర్శ పోవచ్చు, చెవి లోపల తేడా రావచ్చు. స్పర్శ నేను పరీక్షించినాను, మిగతావాటికి డాక్టర్ల దగ్గరికి పంపినాను. అన్నీ బాగున్నాయని తేలింది. ఎముకల డాక్టరు కూడా ఆ టెండనే అన్నాడు.

"మరి సాయంత్రమే ఎందుకక్కా?" అనింది దేవకి, వారం తర్వాత వచ్చినప్పుడు. అనుమానం అంత తొందరగా వదిలే మనిషి కాదు.

"పొద్దున కండరాలు కొత్తగా ఉంటాయి. రోజంతా రబ్బరు చెప్పులతో సిమెంటు నేల మీద నిలబడి అమ్మతాడు గదా? అంగడి మూసే వేళకి అవి అలిసి చేతులెత్తేస్తాయి. తాగినోళ్ళు తూలేదీ ఆ వేళకే. అదీ ఈయన ఖర్మ."

ఆమెకి మాటలతో కాకుండా చూపించాలనిపించింది. గోవిందరాజుల్ని అద్దం ముందర కుడి కాలి మీద నిలబెట్టి, చీలమండని చూడమన్నాను. అది గాలికి కొమ్మ ఊగినట్టు ఊగతా ఉంది. తర్వాత ఒక చిన్న తువ్వాలు మడిచి పాదం లోపలి అంచు కింద పెట్టి మళ్ళీ నిలబెట్టినాను. ఊగుడు సగానికి సగం తగ్గింది. తీసేస్తే మళ్ళీ ఊగినాడు. పెడితే నిలబడినాడు.

దేవకి వంగి చూస్తా ఉండిపోయింది. తర్వాత నేల మీద చతికిలబడి రెండు చేతులతో మొహం మూసుకుంది. ఏడస్తా ఉందనుకుని నేను దగ్గరికి పోయినాను. నవ్వుతా ఉంది మహాతల్లి! భుజాలు అదిరిపోయేటట్టు నవ్వుతా ఉంది.

"ఇరవై ఏళ్ళ కాపురం అక్కా! కాలికి కట్టాల్సింది చేతికి కట్టిస్తినే!" అనింది. ఆ నవ్వులోంచే ఏడుపూ వచ్చింది. లేచి మొగుడి చెయ్యి పట్టుకుని, "నన్ను తిట్టండి, ఒక్కసారన్నా తిట్టండి" అనింది.

"తిడతా గానీ ముందు ఆ తువ్వాలు తియ్యొద్దు, పడిపోతా" అన్నాడు ఆయన.

ఆ రోజు నుంచి దేవకి మా క్లినిక్‌కి హెడ్డు కానిస్టేబులైపోయింది. వైద్యం పెద్ద బ్రహ్మవిద్య కాదు. ముందు మడతబడిన కాలు మాననిచ్చినాం. ఆయన పాదం అచ్చు తీసి దానికి సరిపోయే ఇన్‌సోల్ చేయించినాం. అంటే బూటు లోపల పెట్టుకునే మెత్తటి అట్ట, వంపు దగ్గర ఎత్తుగా ఉంటాది. తర్వాత షార్ట్ ఫుట్ అనే ఎక్సర్‌సైజు. వేళ్ళు ముడవకుండా, బొటనవేలి మొదలుని మడమ వైపుకి లాగాల, పాదం కాస్త కురచగా అయ్యేటట్టు. వినడానికి ఏమీ లేదనిపిస్తాది. చేసి చూడండి, పాదానికి చెమట పడతాది. అవి కుదిరినాక మడమలెత్తడం, ఆ తర్వాత మెత్తటి ఫోమ్ దిమ్మ మీద నిలబడడం.

రబ్బరు చెప్పులాయన బూట్లతో అంగడికి వస్తే ముదలియార్‌పేట ఊరుకుంటాదా? "ఏంది గోవిందరాజులూ, ఆఫీసరువైపోయినావే" అని వచ్చినోడల్లా అడగడమే. గల్లా వెనక బూట్లు విప్పి షార్ట్ ఫుట్ చేసుకుంటా ఉంటే ఆ శ్రద్ధకి మొహం వంకర్లు పోయేదంట. ప్రైమర్ కొనడానికొచ్చిన మేస్త్రీ ఒకాయన కడుపునొప్పేమోనని సోడా తెచ్చి ఇచ్చినాడంట.

రెండు నెలలకి నిలకడ బాగా కుదిరింది. ఒక రోజు ఎగిరి గంతేస్తా వస్తాడనుకుంటే ముటముటలాడతా వచ్చినాడు.

"నిలబడడం వచ్చింది డాక్టరమ్మా, గుండు పోయింది" అన్నాడు.

తెల్లారకముందే ఒక్కడే పోయి మైదానంలో గుండ్లు వేసి చూసుకున్నాడంట. కాలు కదల్లేదు గానీ ఒక్క గుండూ గురికి తగల్లేదు. అన్నీ కుడి పక్కకే పోతా ఉన్నాయి. నేను కాసేపు ఆలోచించి పక్కున నవ్వినాను. ఇన్నేళ్ళూ ఎడమకి ఒరుగుతానని తెలిసిన చెయ్యి, ఆ ఒరుగుని కలుపుకునే కాస్త కుడికి గురి పెట్టేది. ఇప్పుడు ఒళ్ళు నిటారుగా నిలబడితే చేతికి ఆ సంగతి ఇంకా తెలీదు.

"మీ కాలు మారిందని మీ చేతికి కబురు అందలేదయ్యా. రోజూ వెయ్యండి, అదే తెలుసుకుంటాది" అన్నాను.

"అందరికీ ఆలస్యంగానే తెలుస్తా ఉండాది నా సంగతి" అని గొణుక్కుంటా పోయినాడు.

మిగిలింది మామ. దేవకి తండ్రికి ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినలేదు. "మొగుణ్ణి వెనకేసుకొస్తా ఉండావు, పాదం వంకంట, పాదం! మా వదిన కూడా మా అన్నకి ఇట్లనే ఏదో ఒక జబ్బు పేరు చెప్పేది" అన్నాడంట. ఆఖరికి ఆయన మోకాలి నొప్పి సాకు పెట్టి నా దగ్గరికి తీసుకొచ్చింది. లోపల అల్లుడు ఉన్నాడని చెప్పలేదు.

మునుసామి నాయుడు చేతికర్ర లేకుండా నిటారుగా నడిచొచ్చినాడు. తెల్లటి పంచె, ఇస్త్రీ చొక్కా. అద్దం గదిలోకి అడుగు పెట్టగానే ఎదురుగా గోవిందరాజులు ఫోమ్ దిమ్మ మీద ఒంటికాలితో, చేతులు రెండూ చాపుకుని, అటూ ఇటూ ఊగతా ఉన్నాడు.

పెద్దాయన గుమ్మంలోనే ఆగిపోయినాడు. "ఓరి నీ! పొద్దున పదకొండుకే మొదలుపెట్టినావా?" అన్నాడు.

గోవిందరాజులు దిమ్మ మీద నుంచి దబ్బున దిగినాడు. దేవకి "నాయనా, అదీ..." అంటా ఉంటే నేను అడ్డం వచ్చినాను. "మాటలొద్దు పెద్దాయనా. మీ అల్లుడే గదా, దగ్గరికి పోయి నోరు వాసన చూడండి."

చూడరనుకున్నాను. ఆయన పోయినాడు. నిలువెత్తు అల్లుడి ముందర నిలబడి, "నోరు తెరవరా" అన్నాడు. గోవిందరాజులు బడిపిల్లోడి మాదిరి నోరు తెరిచినాడు. పెద్దాయన కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చినాడు.

"వెల్లుల్లి కారం" అన్నాడు. మళ్ళీ ఒకసారి పీల్చి, "ఇడ్లీ" అన్నాడు.

"ఇప్పుడు చొక్కా చూడండి."

చొక్కా వాసన చూసి మొహం చిట్లించుకున్నాడు. "ఇది థిన్నరు గదా" అన్నాడు మెల్లగా. మిల్లులో బతికిన మనిషి, ఆ వాసన తెలీనోడు కాదు. కాకపోతే ఇన్నాళ్ళూ ఆయన అంత దగ్గరగా పోలేదు.

అప్పుడు తువ్వాలు పెట్టి చూపించినాను, తీసి చూపించినాను. తడి పాదాలతో అల్లుణ్ణి నడిపించి, పక్కనే దేవకినీ నడిపించినాను. రెండు ముద్రలూ పక్కపక్కన. పెద్దాయన పంచె ఎగదోసుకుని, నొప్పి మోకాలితోనే కింద కూర్చుని, అల్లుడి పాదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "మామా, వద్దు, కాలు పట్టుకోవద్దు!" అని గోవిందరాజులు గింజుకున్నాడు. ఆయన వదల్లేదు. బొటనవేలితో పాదం లోపలి అంచుని నొక్కి నొక్కి చూసినాడు.

"ఇన్నేళ్ళు వీడి చెయ్యి చూసినానమ్మా, ఎట్ల తిప్పతాడు, ఎట్ల వదులుతాడని. కాలు చూడలా" అన్నాడు నాతో. నా చెయ్యి పట్టుకుని లేచి, గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరక్కుండానే అల్లుడితో "ఆదివారం గుండ్లు తీసుకురా" అన్నాడు.

ఆ ఆదివారం నేనూ పోయినాను. నాకు ఆట మీద పెద్ద ఆసక్తి లేదు, ఆ పాదాల మీదే. పక్క పేట జట్టుతో పందెం. సముద్రం గాలి చల్లగా కొడతా ఉంది. చుట్టూ కుర్చీలేసుకుని పెద్దోళ్ళు, సైకిళ్ళకి ఆనుకుని కుర్రోళ్ళు. గోవిందరాజులు బూట్లతో దిగగానే ఒకరిద్దరు గుసగుసలాడినారు, ఎవరో ఇకిలించినారు. దేవకి నా చెయ్యి పట్టుకుని కూర్చునింది, ఆ పట్టుకి నా గాజులు నొక్కుకుపోయినాయి.

ఆట గురించి చెప్పడం నాకు చేతగాదు. దోబూచులాడినట్టు ఒకసారి వీళ్ళు ముందు, ఒకసారి వాళ్ళు ముందు. నేను చూసింది ఒక్కటే. అల్లుడు వలయంలోకి పోయిన ప్రతిసారీ జనమంతా గుండు పోయే దారి చూస్తా ఉంటే, మునుసామి నాయుడు ఒక్కడు వంగి అల్లుడి పాదాల్నే చూసేవాడు. గుండు తగిలిందా లేదా అని తల కూడా ఎత్తేవాడు కాదు. పాదాలు కదల్లేదు. ఒక్కసారి కూడా కదల్లేదు.

ఆఖరి గుండు గోవిందరాజులుది. అది కొడితే గెలుపు. మోకాళ్ళు కాస్త వంచి, చెయ్యి వెనక్కి తీసి వదిలినాడు. గుండు ఎత్తుగా పోయి, అవతలోళ్ళ గుండుని రాసుకుంటా పోయి దుమ్ములో పడింది. వెంట్రుకవాసిలో తప్పింది. ఓడిపోయినారు. అవతల జట్టు కేకలేసింది.

గోవిందరాజులు వలయంలోంచి బయటికి రాలేదు. గుండు పడిపోయింది, ఆట అయిపోయింది, అయినా రెండు పాదాలూ నేలకి ఆనించి అట్లనే నిలబడి ఉన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారతా ఉన్నాయి.

మామ పోయి మోచెయ్యి పట్టుకున్నాడు. "ఓడినందుకు ఏడస్తా ఉండావా?"

"కాదు మామా. నిలబడినా."

"చూసినా లేరా. ఇంక కదలొచ్చు, రా" అన్నాడు పెద్దాయన. తర్వాత చుట్టూ ఉన్న జనం వైపుకి తిరిగినాడు. ఆయన గొంతు అంత గట్టిదని నాకు తెలీదు. అరవంలో, అందరికీ వినబడేటట్టు అన్నాడు. "మా అల్లుడు తాగడు. ఎప్పుడూ తాగలేదు. వాడి కాలికి జబ్బు, నా కళ్ళకి జబ్బు. తూలే పిల్లోణ్ణి పట్టుకోవాల్సిన నేనే వదిలేసి పోయినా. ఇంక ఎవరన్నా వాడిని ఒక మాట అనాలనుకుంటే ముందు నన్ను అనండి."

గెలిచిన జట్టులోంచి ఒక ముసలాయన వచ్చి గోవిందరాజులు భుజం తట్టి, తన సోడా ఆయన చేతిలో పెట్టినాడు. దేవకి నా పక్కన లేచి నిలబడి, ఓడిపోయిన జట్టుకి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. సిగ్గు లేకుండా నేనూ కొట్టినాను. తర్వాత అందరూ కొట్టినారు. ఇంత సంతోషంగా ఓడిపోయినోళ్ళని నేను ఇంకోసారి చూడలేదు.

ఇప్పుడు మామా అల్లుళ్ళు ఒకే జట్టు. గోవిందరాజులు కాలు పూర్తిగా కొత్తదేం కాలేదు, ఇన్‌సోల్ తీస్తే అలుపు వస్తాది, ఎక్సర్‌సైజు ఆపితే మళ్ళీ ఒరుగుతాది. అది ఉన్నంతకాలం చూసుకోవాల్సిన పాదం, ఆయన చూసుకుంటా ఉన్నాడు.

ఆ కేసు నాకు నేర్పింది చదువులో ఉండే సంగతే, కానీ అంత గట్టిగా అంతకుముందు పట్టుకోలేదు. మనిషి తూలతా ఉన్నాడంటే ఎందుకు తూలతా ఉన్నాడో చెప్పడానికి ఊరంతా సిద్ధంగా ఉంటాది, ఆయన ఇంట్లోవాళ్ళతో సహా. అందుకే నా దగ్గరికి ఎవరు వచ్చినా ఇప్పుడు కథ వినే ముందే చెప్పులు విప్పి నిలబడమంటాను. నిలబడేటప్పుడు మాత్రం వాళ్ళ మోచెయ్యి కింద నా చెయ్యి ఉంచతాను. కారణం తర్వాత అడగొచ్చు, ముందు మనిషి పడకూడదు.